టేపు అంచున మొదటి బొమ్మ

కరెంటు పోతే మా ఇంట్లో ఎక్కడివాళ్లం అక్కడే ఉండిపోతాం. మా ఆవిడ ఒక్కతే తిరుగుతుంది. వంటగదిలోకి వెళ్లి, టీ కాచి, గ్లాసుల్లో పోసి, ఎవరి గ్లాసు వాళ్ల చేతికిస్తుంది. బొట్టు ఒలకదు. తన తమ్ముడు, అంటే మా బావమరిది, ఆమెకు గుడ్లగూబ అని పేరు పెట్టాడు. "మా అక్కకి పగలే చూపు కాస్త తక్కువ బావా, సర్దుకుపోవాలి" అని పెళ్లైన కొత్తలోనే నన్ను హెచ్చరించాడు.

తన ఉద్యోగం ఒక ఫోటో స్టూడియోలో, డార్క్‌రూములో. ముందు గదిలో తెర, లైట్లు, ఎత్తు తగ్గించే పెంచే గుండ్రటి స్టూలు. వెనక మనిషి అడ్డంగా తిరిగితే తప్ప పట్టని నడవా. దాని చివర ఆ గది. కిటికీ అద్దాలకు నల్లరంగు, తలుపు అంచులకు ఫెల్టు గుడ్డ, లోపల సింకు, జింకురేకు పరిచిన బల్ల, ఫోటోలు కడిగే హైపో నీళ్ల పులిసిన వాసన. తనకు ముందు అక్కడ పనిచేసిన కుర్రాడు చీకటికి జడిసి మానేశాడట. ఫోటో ఇంకా ఇవ్వలేదేమని దెబ్బలాడటానికి వచ్చిన పిల్ల మా ఆవిడ. "చీకట్లో ఏముంటుందని భయం? వెలుగులో ఉన్నవేగా" అందట. స్టూడియో ఓనరు ఆ మాటకే పనిలో పెట్టుకున్నాడు. ఆయనను తను అన్నయ్యగారూ అంటుంది, ఆయన చెల్లెమ్మా అంటాడు. ఇప్పుడా చోట సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు.

నేను అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఇద్దరివీ నోరు మెదపనక్కర్లేని పనులు. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఆ అలవాటు పోయేది కాదు. మా ఇంటికొచ్చినవాళ్లు ఏదో తగువు పడ్డామనుకుని కాసేపు కూర్చుని వెళ్లిపోయేవారు.

ఆ స్టూడియోలో ఒక పద్ధతి ఉండేది. వెడల్పు ఫిల్ము పెద్ద చుట్టగా దొరికినప్పుడు ఓనరు తెచ్చేవాడు. మా ఆవిడ దాన్ని చీకట్లో ముక్కలుగా కోసి, వాడేసిన పాత నల్ల కాగితాలకు మొదలు దగ్గర టేపుతో అంటించి, మళ్లీ చుట్టలు చుట్టేది. ఫిల్ముకు వెనక ఉండే ఆ నల్ల కాగితమే దాన్ని వెలుగు నుంచి కాపాడుతుంది. ఒక్కో చుట్టలో ఒక బొమ్మ అదనంగా పట్టాలని తను ఫిల్మును కాస్త ముందుకు జరిపి అంటించేది. అందువల్ల తను చుట్టిన ప్రతి చుట్టలోనూ మొదటి బొమ్మ టేపు అంచును ఆనుకునే పడుతుంది. ఈ సంగతి తనకీ ఓనరుకీ తప్ప ఎవరికీ అక్కర్లేదు. ఒక్క రోజు తప్ప ఎప్పుడూ అక్కర రాలేదు కూడా.

పెళ్లైన కొత్తలో ఒక సాయంత్రం నన్ను సామాన్ల గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. చీకట్లో కాసేపు ఊరికే నిలబెట్టింది. నాకేవో వేరే ఊహలు వచ్చాయి గానీ, తన చేతిలో ఉన్నది పారదర్శకంగా ఉండే మామూలు సెల్లోటేపు చుట్ట. చర్రున లాగింది. టేపు చుట్టను వదిలే గీత మీద సన్నగా, దారప్పోగంత నీలం వెలుగు మెరిసింది. మళ్లీ లాగింది. మళ్లీ మెరిసింది. నేను నోరు తెరిచి చూస్తుండిపోయాను.

"ఇప్పుడు చూడండి" అని మెల్లగా లాగడం మొదలుపెట్టింది. ఎంతసేపటికీ ఏమీ కనబడలేదు, వినబడనూ లేదు. లైటు వేస్తే జానెడు టేపు ఊడి తన వేలికి వేలాడుతోంది.

పనిలో చేరిన కొత్తలో ఆ వెలుగు ముచ్చటకే తను ఫిల్ముల టేపులు చర్రుమని లాగేదట. తర్వాత ఎవరిదో పెళ్లి ఫిల్ము కడిగి ప్రింటు వేస్తే మొదటి బొమ్మలో పెళ్లికొడుకు భుజం మీద తెల్లటి మరక. ఓనరు తిట్టలేదు గానీ, పెళ్లికొడుకు తల్లి ఆ కొరత తీర్చింది. అప్పట్నుంచి తన సూత్రం ఒక్కటే. చప్పుడైతే వెలుగు, కాకపోతే చీకటి. టేపును చెవులతో లాగాలి అనేది.

అదెందుకో నేను తర్వాత ఒక పుస్తకంలో చదివాను. టేపు మన కంటికి ఒకే చాలుగా ఊడుతున్నట్టు ఉంటుంది. నిజానికి బంక పట్టుకుంటుంది, సాగుతుంది, ఇక సాగలేక వదిలేస్తుంది. వదిలిన క్షణాన టేపు వెంట్రుకవాసి ముందుకు గెంతి మళ్లీ పట్టుబడుతుంది. ఆ గెంతులు వేలకొద్దీ కలిసి మనకు చర్రుమని వినిపిస్తాయి. విడిపోయేటప్పుడు టేపు మీద ఒక రకం విద్యుత్తు, దాని కింద ఇంకో రకం మిగిలి, ఆ సన్నటి సందులో ఒకదాని మీదికి ఒకటి దూకుతాయి. నీలం వెలుగు అదే. మెల్లగా లాగితే బంకకు తీరిక దొరుకుతుంది. పాకంలా తీగలు సాగి, ఒక్కో తీగా దానంతటదే తెగుతుంది. తేమ ఉంటే ఆ విద్యుత్తు నిలవదు, గాలి పొడిగా ఉంటే రెచ్చిపోతుంది. ఇదంతా చదివి వినిపిస్తే తను ఓపిగ్గా విని, "నేనూ అదేగా అన్నది" అంది.

ఇక బావమరిది సంగతి. ఇనప సామాన్ల గోదాములో క్రేను నడిపేవాడు. పైకప్పు కింద పట్టాల మీద నడిచే క్రేను, దాని నుంచి దిగే పెద్ద కొక్కెం. బరువు కట్టిన తాడు కొక్కెంలోంచి జారిపోకుండా దాని నోటికి అడ్డంగా ఒక ఇనప నాలుక ఉంటుంది. స్ప్రింగు దాన్ని మూసి ఉంచుతుంది. ఒక ఉదయం గొట్టాల మోపు పైకి లేచాక తాడు కొక్కెంలోంచి జారింది. కింద ఉన్న హమాలీ కాలు నుజ్జయింది.

ఆ నాలుక స్ప్రింగు ఎన్నడో పోయిందనీ, ఫోర్‌మన్ దాన్ని మూసి పట్టి నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టించాడనీ బావమరిది చెప్పాడు. కంపెనీవాళ్లు టేపూ లేదు, గీపూ లేదన్నారు. తాడు తగిలించడానికి అడ్డొస్తోందని ఆపరేటరే నాలుక పీకేశాడన్నారు. ప్రమాదం తర్వాత చూస్తే కొక్కేనికి నిజంగానే నాలుకా లేదు, టేపూ లేదు. విచారణ పెట్టారు. కంపెనీ మాటే నెగ్గితే ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, మనిషి కాలు తీసిన కేసు వీడి నెత్తిన పడుతుంది. తిండి మానేసి మా ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. గుడ్లగూబ అనడం కూడా మానేశాడు. ఆ పిలుపు వినబడకపోవడమే మా ఆవిడను ఎక్కువ బాధపెట్టింది.

విచారణ మధ్యాహ్నం ఉందనగా, పొద్దున్నే స్టూడియో ఓనరు ఆయాసపడుతూ మా ఇంటికొచ్చాడు. ప్రమాదం జరిగిన ఉదయం ఆయన ఆ గోదాములోనే ఉన్నాడు, కంపెనీ క్యాలెండరుకు ఫోటోలు తీయడానికి. కెమెరాలో చుట్ట ఎక్కించగానే వెలుతురు చూసుకోవడానికి మొదటి బొమ్మ దేనికో దానికి తీసేయడం ఆయన అలవాటు. ఆ రోజు పైకప్పు అద్దాల వెలుగు బాగుందని తలెత్తి, ఎదురుగా వేలాడుతున్న కొక్కేనికి తీశాడు. ఆ మాటే మర్చిపోయాడు. చుట్టలో ఇంకా బొమ్మలు మిగిలి ఉన్నాయని కడగకుండా కెమెరాలోనే ఉంచాడు. తెల్లవారి పళ్లు తోముకుంటుంటే గుర్తొచ్చిందట.

మా ఆవిడ అడిగిన ప్రశ్న ఒక్కటే. "మొదటి బొమ్మేనా?"

ఆయన తలూపాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు నాకు అర్థమైంది, బావమరిదికి కాలేదు.

స్టూడియోకి వెళ్లేసరికి కంపెనీ జీపు బయట ఆగి ఉంది. ఆఫీసు మనిషి ఒకతను కౌంటరు దగ్గర నిలబడి ఉన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు. క్యాలెండరు పని మానుకున్నామనీ, తీసినంతవరకూ చుట్ట ఇచ్చేస్తే చాలనీ, కడగనక్కర్లేదనీ అన్నాడు. ఓనరు ఆయన్ని కూర్చోబెట్టి, కడగని చుట్ట వెలుగు తగిలితే బూడిదేననీ, కడిగి ఇవ్వడం తన ధర్మమనీ మొదలుపెట్టి, ఫిల్ము పుట్టుపూర్వోత్తరాల్లోకి దిగాడు. మాటలతో మనిషిని కుర్చీకి కట్టేయగల సమర్థుడు. ఆ సందులో మేం నడవాలోకి వెళ్లాం.

తమ్ముణ్ణి నడవాలో స్టూలు మీద కూర్చోబెట్టి, నన్ను లోపలికి రమ్మంది. ఇన్నేళ్లలోనూ పని వేళ నన్ను ఆ గదిలోకి రానివ్వలేదు. తలుపు దగ్గరే ఆపి, నా ఒంటి మీది ఉన్ని స్వెట్టరు చూసింది.

"అది విప్పండి. మీరు కదిలితే చిటపటలాడుతుంది."

చలికాలం. గాలి పొడిగా ఉంది. ఆ వారమంతా దువ్వెన తగిలితే వెంట్రుకలు లేచి నిలబడుతున్నాయి. స్వెట్టరు విప్పి బావమరిది ఒళ్లో పడేశాను. తను సింకులో కుళాయి తిప్పి నేల మీద, గోడల మీద నీళ్లు చిలకరించింది. ఫిల్ము కడిగే ట్యాంకు, దాని మూత, ఫిల్ము ఎక్కించే రీలు, కత్తెర, వేటి చోట అవి పెట్టుకుని, కళ్లు మూసుకుని ఒక్కోదాన్నీ తాకి చూసుకుంది. లైటు తీసింది.

అది రాత్రి చీకటి లాంటిది కాదు. కళ్లు అలవాటు పడతాయని ఎదురుచూస్తే పడవు. చుట్ట విప్పుతున్న సవ్వడి, కాగితం బల్ల మీద పాకుతున్న సవ్వడి. నా చేయి వెతికి పట్టుకుని, కాగితం చివర నా వేళ్ల మధ్య పెట్టింది. ఫిల్ము మీద వేలు పడకూడదు, కాగితం బిగుతు సడలకూడదు, అంతే నా పని. నా చేతులు వణకవని కాదు. తమ్ముడివి ఇంకా ఎక్కువ వణుకుతాయని.

కాగితమంతా విప్పి మొదలు దగ్గరకు వచ్చింది. తన ఊపిరి ఆగినట్టు నాకు తెలిసింది.

"ఏవండీ. ఇది కాగితం టేపు కాదు."

తను ఎప్పుడూ వాడేది గరుకుగా, మెత్తగా ఉండే కాగితం టేపు. అది అంతగా వెలగదు. వేలి కింద ఇప్పుడు నున్నగా జారుతున్నది సెల్లోటేపు. కాగితం టేపు అయిపోయిన రోజున, ఒక్కరోజుకేగా అని చేతికందినది అంటించింది. ఆ రోజు చుట్టిన చుట్ట ఇదే. సామాన్ల గదిలో నాకు చూపించిన నీలం వెలుగు అలాంటి టేపుదే.

కత్తిరించేస్తే పోదా అని అడిగాను. టేపు అద్దంలాంటిది కాబట్టి బొమ్మ అంచు దాని కిందికీ వచ్చి ఉంటుందంది. చీకట్లో గుడ్డిగా కోస్తే బొమ్మే పోతుంది. ఉంచేస్తే బంక రీలు గాడిలో పట్టేస్తుంది, టేపు కింద మందు ఎక్కదు. ఊడదీయక తప్పదు. ముందు గదిలోంచి ఓనరు గొంతు వినిపిస్తూనే ఉంది. ఇంకొకరి గొంతు మధ్యమధ్య గట్టిపడుతోంది.

తను వంగి టేపు మీద నోటితో ఆవిరి ఊదింది. అద్దం మీద ఊదినట్టు. మళ్లీ ఊదింది. బంక మెత్తబడాలి, తేమ తగలాలి. తర్వాత గోటితో ఒక మూల లేపినట్టుంది. ఆ తర్వాత ఏమీ లేదు. అక్కడ ఏదైనా జరుగుతోందని చెప్పడానికి నా దగ్గర ఒకే సాక్ష్యం, నా వేళ్ల మధ్య కాగితం మీద సన్నటి లాగుడు. అది కూడా ఉందా లేదా అన్నట్టు. తన ఊపిరి, కుళాయి చుక్క, నా చెవుల్లో నా రక్తం. చప్పుడు రావద్దు, చప్పుడు రావద్దు అని నేను లోపల అనుకుంటున్న మాట కూడా పెద్దగా వినిపిస్తోందేమో అనిపించింది.

సగం అయి ఉంటుంది. నడవాలో స్టూలు దభీమని పడింది. "లోపలికి వెళ్లకండి, మా అక్క ఉంది" అని బావమరిది గొంతు. తలుపు మీద ఎవరి చెయ్యో పడింది.

తన చేయి ఉలిక్కిపడింది. చిర్రుమని ఒక్క ముక్క చప్పుడు. నా కళ్లెదుట నీలం గీత ఒకటి పుట్టి ఆరిపోయింది. ఆ వెలుగులో తన బొటనవేలి గోరు కనిపించింది నాకు.

ఫెల్టు గుడ్డ మీద బరువు నొక్కుకుంటోంది, ఆ అంచున ఒక్క వెలుగు చార లోపలికి వస్తే మొత్తం చుట్ట తెల్లకాగితమే. బావమరిది తలుపుకు అడ్డంగా వీపు ఆనించి నిలబడ్డాడని తర్వాత తెలిసింది. ఓనరు వచ్చి, ఈ తలుపు ఇప్పుడు తీస్తే కంపెనీవారి ఫోటోలన్నీ కంపెనీవారే కాల్చినట్టవుతుందనీ, ఆ ముక్క తమ పేరుతో రాసి ఇస్తే సంతోషంగా తీస్తాననీ అన్నాడు. బరువు తలుపు మీంచి లేచింది.

మా ఆవిడ మళ్లీ ఊదింది. మళ్లీ మొదలుపెట్టింది. అదే నెమ్మది. నేనైతే ఆ పాటికి తెగించి లాగేసేవాణ్ణి, ఎలాగూ వెలిగిందిగా అని. తను ఆ మిగతా సగాన్ని, అసలేమీ జరగనట్టు, మొదటి సగం కన్నా మెల్లగా ఊడదీసింది. రీలు తిరిగిన సవ్వడి, ట్యాంకు మూత బిగిసిన సవ్వడి. లైటు వేసింది. మొహం నిండా చెమట, ఆ చలిలో.

"ఎంత మేర వెలిగింది?" అని అడిగింది. నాకేం తెలుసు, గీత చూశాను, పొడవు కొలవలేదు. తను మాత్రం ట్యాంకు తిరగేస్తూ లెక్క వేస్తున్నట్టు పెదవులు కదుపుతూ ఉంది.

హైపోలోంచి తీసి దీపానికి ఎదురుగా పట్టుకున్నప్పుడు మేం నలుగురం ఆ చిన్న గదిలో ఉన్నాం. మొదటి బొమ్మ ఉంది. అంచున పక్షి ఈక లాంటి నల్లటి మచ్చ, ప్రింటులో తెల్లగా పడేది, ఆ నీలం వెలుగుది, ఫ్రేములోకి కొంత దూరం చొచ్చుకుని ఆగిపోయింది. దాని పక్కనే కొక్కెం.

తడి ఆరకముందే ఓనరు ఎన్‌లార్జరులో పెట్టి పెద్దది చేశాడు. డెవలపరు తొట్లో కాగితం మీద మెల్లగా కొక్కెం తేలింది. దాని నోటికి అడ్డంగా నాలుక. నాలుక చుట్టూ నల్ల టేపు, వరసలు వరసలుగా. బావమరిది గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. నేను వాడి భుజం పట్టుకున్నాను.

బొమ్మ ఇంకా ముదురుతోంది. టేపు చివర ఒకటి లేచి ఉంది. నాలుక పక్కనుంచి బల్లి తోకలా గాల్లో వేలాడుతోంది.

టేపును బారునా లాగితే బంకంతా కలిసి ఎదురు నిలుస్తుంది. అంచు లేచిందా, ఆ అంచు దగ్గరున్న వెంట్రుకవాసి బంకే మొత్తం బరువు మోయాలి. అది వదిలితే దాని పక్కది, ఆపైన దాని పక్కది. ఈ సంగతి ఆ గదిలో ఎవరికీ వివరించనక్కర్లేదు.

ఓనరు గొంతు తగ్గించి, ఈ తోకనొక్కదాన్ని తీసేయొచ్చు అన్నాడు. ప్రింటు మళ్లీ వేసేటప్పుడు ఆ చోట వెలుగుకు కాస్త చెయ్యి అడ్డం పెడితే ఆ మచ్చే ఇంకొంచెం పాకినట్టు ఉంటుంది. పెళ్లికూతుళ్ల మొటిమలు మాయం చేసిన చెయ్యి, ఇదో లెక్కా అన్నాడు. అది లేకపోతే టేపు ఉన్నట్టు రుజువవుతుంది, చూసి కూడా ఎత్తావేమని ఎవరూ అడగరు. ఆయన మంచికే చెప్పాడు. నాకూ ఆ క్షణాన అదే బాగుందనిపించింది.

మా ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది.

"ఇది లేచి ఉండటం నువ్వు చూశావా?"

వాడు తొట్లోకే చూస్తూ చెప్పాడు. "చూశానక్కా. ఫోర్‌మన్‌కి చూపించా. ఈ ఒక్క మోపూ దించేయ్, తర్వాత చుడదాం అన్నాడు. ఎత్తాను."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"టేపే లేదంటున్నారు. లేని టేపుకు అంచు లేచిందని ఎవరికి చెప్పను?"

మా ఆవిడ కాగితాన్ని, బొమ్మను అలాగే నిలిపేసే హైపోలోకి మార్చింది. మరక అంతకుమించి పాకకూడదు, అది నేను చేసినంతే ఉండాలి అని ఓనరుతో అంది. తమ్ముడే, "ఉండనీండి అన్నగారూ. నా తప్పూ నాదే" అన్నాడు.

ఫిల్మును కంపెనీ ఆఫీసు మనిషికి ఇచ్చేశారు, వాళ్ల వస్తువు వాళ్లకి. ప్రింటు మాత్రం ముందే బావమరిది చొక్కా లోపల, ఇంకా చెమ్మగా, గోదాము వైపు వెళ్లిపోయింది.

విచారణలో ఆ ప్రింటు బల్ల మీద పెట్టి, వాళ్లు అడగకముందే లేచిన అంచు మీద వాడే వేలు పెట్టి చూపించాడట. టేపు లేదన్న మాట అక్కడితో పోయింది. ఫోర్‌మన్ మొదట మరక చూపించి ఇదేదో కల్పన అన్నాడు. తర్వాత ఆ మాటా వదిలేశాడు. నాలుక పీకాడన్న నింద తీసేశారు, పోలీసు కేసు రాలేదు. చూసి కూడా ఎత్తినందుకు వీణ్ణి క్రేను మీంచి దించేశారు. వాడు మళ్లీ క్రేను ఎక్కలేదు, ఎక్కమన్నా ఎక్కలేదు. కింద తాళ్లు కట్టే పనిలో చేరాడు. హమాలీ ఇంటికి వెళ్లి వచ్చేవాడు.

ఆ సాయంత్రం కబురు తెలిసి ఇంటికొచ్చాక మా ఆవిడ గిన్నెలు కడగబోయి ఆగింది. ఎడమచేతి మణికట్టు మీద వేలెడు సెల్లోటేపు అతుక్కుని ఉంది. పొద్దున చీకట్లో ఊడదీసి, ఫిల్ము మీద పడకుండా అక్కడ అంటించుకుని మర్చిపోయింది.

గోడకు ఆనుకుని కూర్చున్న తమ్ముడు చూసి, "నేను లాగనా అక్కా, ఒక్క లాగు" అన్నాడు.

"నీ మొహం. వెంట్రుకలతో సహా వస్తుంది" అని కుళాయి కింద చెయ్యి పెట్టి, గోటితో మూల లేపి, తనే మొదలుపెట్టింది. మేమిద్దరం చూస్తూ కూర్చున్నాం.

"ఈ లెక్కన తెల్లారుతుంది గుడ్లగూబా" అన్నాడు వాడు.

తను తలెత్తలేదు. పెదవి చివర మాత్రం కదిలింది. చేయి అదే నెమ్మదిలో ఉంది.